నల్గొండ, పాలమూరు పట్టణాల తాగునీటి సరఫరా

భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నందువల్ల నల్గొండ ప్రాంతం దంతాలను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ వ్యాధికి గురైంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు, ప్రత్యామ్నాయ వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’లో నీటికి పటిక, సున్నం కలిపి, ఫ్లోరైడ్‌ను మడ్డితోపాటు అడుగుకు చేర్చి, పైనీటిని వడపోస్తారు.

శాశ్వత పరిష్కారంగా నదీ జలాలను శుద్ధిచేసి గొట్టాల ద్వారా అందించే మిషన్ భగీరథ పథకపు పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించగా, పాలమూరు అని కూడా పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు శ్రీశైలం జలాశయపు నీటిని కొల్లాపూర్ సమీపంలోని ఎల్లూరు నుంచి ఎత్తిపోస్తున్నారు. ఈ పథకంలో తలసరి రోజువారీ లక్ష్యం గ్రామాలకు 100, మున్సిపాలిటీలకు 135, నగరపాలక సంస్థలకు 150 లీటర్లు.

పట్టణంలో శుద్ధజలాన్ని ఎత్తైన ట్యాంకుల్లో నింపి వాలు ఆధారంగా వీధులకు వదులుతారు. చివరి నల్లా వద్ద కూడా అవశేష క్లోరిన్, అంటే క్రిమిసంహారం తర్వాత నీటిలో మిగిలే క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.