పిల్లలకు తుపాకీ పేల్చడం నేర్పితే క్షేమమా?

తుపాకీ అనగానే మనలో చాలామందికి పోలీసు స్టేషనో, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా మనిషో గుర్తుకు వస్తారు. మన ఇళ్లలో బీరువా తెరిస్తే చీరలు, దస్తావేజులు ఉంటాయి గాని పిస్తోలు ఉండదు. అయితే కొడుకో, కూతురో, కోడలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుటుంబాలు నేడు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. పురుళ్లకు, మనవల్ని చూసుకోవడానికి అమ్మమ్మలు, నానమ్మలు నెలల తరబడి అక్కడ ఉండి వస్తున్నారు. ఆ దేశంలో పెద్దవాళ్లలో పదిమందికి సుమారు నలుగురు తుపాకీ ఉన్న ఇంట్లో నివసిస్తున్నారు. అంటే మన మనవడు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉండవచ్చు.

అక్కడి తల్లిదండ్రులు ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్న ప్రశ్న ఒకటుంది. పిల్లలకు చిన్నప్పుడే తుపాకీని జాగ్రత్తగా పేల్చడం నేర్పితే వాళ్లు క్షేమంగా ఉంటారా? లేక నేర్పడం వల్లనే ప్రమాదం పెరుగుతుందా? ఈ పాఠంలో రెండు పక్షాల మాటలూ విని, పరీక్షల్లో ఏమి తేలిందో చూద్దాం.

నేర్పాలి అనేవారి మాట

అమెరికా పల్లెల్లో వేట తాతల నాటి అలవాటు. శీతకాలం రాకముందే జింకను కొట్టి ఆ మాంసం నిల్వ చేసుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పిల్లవాడికి తుపాకీ దాచిపెట్టిన వస్తువు కాదు, మన రైతు ఇంట్లో కొడవలి లాంటిది. "కొడవలి పట్టుకోవడం నేర్పకపోతే చెయ్యి కోసుకుంటాడు కదా" అన్నట్టే వాళ్లు మాట్లాడతారు.

ఆ వాదనలో నిజం లేకపోలేదు. 1949లో న్యూయార్క్ రాష్ట్రం వేటకు వెళ్లే పిల్లలు ముందుగా శిక్షణ పొందాలని చట్టం చేసింది. తరువాత మిగతా రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. తుపాకీ ఖాళీ అని తెలిసినా తూటా ఉన్నట్టే భావించడం, గొట్టం ఎవరి వైపూ తిప్పకపోవడం, కాల్చే క్షణం వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, గురికి వెనుక ఏముందో చూసుకోవడం అక్కడ నేర్పే ముఖ్య సూత్రాలు. వేటలో ప్రమాదాలు తగ్గడానికి ఈ శిక్షణ, దూరానికి కూడా కనిపించే నారింజ రంగు దుస్తులు తోడ్పడ్డాయి.

అయితే ఒక సంగతి గమనించండి. వేటలో పిల్లవాడి పక్కన పెద్దవాడు ఉంటాడు. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో సాధారణంగా పెద్దవాడు పక్కన ఉండడు. అక్కడే అసలు చిక్కు.

పరీక్షించి చూస్తే ఏమి తేలింది?

2001లో పిల్లల వైద్యుల పత్రిక ఒకదానిలో ఒక పరిశోధన వెలువడింది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లుగా ఒక గదిలో వదిలారు. గదిలోని సొరుగుల్లో నీళ్ల పిస్తోళ్లతో పాటు పేలకుండా చేసిన నిజమైన పిస్తోలు ఒకటి ఉంచారు. అవతలి నుంచి అద్దంలో గమనించారు. 21 జట్లు ఆ పిస్తోలును కనుగొన్నాయి. వాటిలో 16 జట్లు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. దాన్ని పట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది అంతకుముందే తుపాకీ జాగ్రత్తల గురించి ఏదో ఒక రకంగా బోధ విన్నవారే. దొరికినది బొమ్మో, నిజమైనదో సుమారు సగం మంది తేల్చుకోలేకపోయారు.

2004లో 4, 5 ఏళ్ల పిల్లలతో మరొక పరీక్ష జరిగింది. "ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు" అనే పాఠాన్ని చెప్పి నేర్పినప్పుడు పిల్లలు ఆ మాటలను చక్కగా అప్పజెప్పారు. కాని నిజంగా తుపాకీ కనబడినప్పుడు ఆ ప్రకారం చేయలేకపోయారు. మాటలతో ఆపక, చేసి చూపించి, పిల్లలచేత పదే పదే చేయించిన పద్ధతి మెరుగ్గా పనిచేసింది.

2023లో వెలువడిన పరిశోధనలో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఒక్క నిమిషం జాగ్రత్తల వీడియో చూపించి, వారం తరువాత పరీక్షించారు. చూసినవారిలో తుపాకీని తాకినవారు తక్కువ, పెద్దలకు చెప్పినవారు ఎక్కువ. అయినా తాకినవారు వాళ్లలోనూ ఉన్నారు.

కాబట్టి నేర్పడం వృథా కాదు. కాని నేర్పాం గదా అని తాళం వేయకుండా ఉండడం మాత్రం పొరపాటు. మన ఊళ్లో పిల్లలకు ఈత నేర్పుతాం. అంతమాత్రాన పెరట్లో బావికి గట్టు కట్టకుండా వదిలేస్తామా? రెండూ చేస్తాం, ముందు గట్టు కడతాం.

తెలిసిన పిల్లవాడే ఎందుకు తాకుతాడు?

పిల్లవాడికి మంచీ చెడూ చెప్పగానే అర్థమవుతుంది. చెప్పినదాన్ని ఆ క్షణంలో పాటించే నిగ్రహం మాత్రం ఆలస్యంగా వస్తుంది. మెదడులో ముందుచూపును, నిగ్రహాన్ని నడిపే భాగం ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా ఎదగదు. పక్కన స్నేహితుడు ఉంటే ఆ నిగ్రహం ఇంకా తగ్గుతుంది. పొయ్యి కాలుతుందని తెలిసిన పిల్లవాడే అగ్గిపుల్ల గీసి చూస్తాడు. అది చెడ్డతనం కాదు, ఆ వయసు.

"మా వాడికి తుపాకీ ఎక్కడుందో తెలియదు" అనే తల్లిదండ్రుల నమ్మకం కూడా గట్టిది కాదు. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో తల్లిదండ్రులను, పిల్లలను వేర్వేరుగా అడిగారు. తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు తమకు తెలుసని చెప్పారు. బిస్కట్ల డబ్బా ఎంత పైన పెట్టినా కనిపెట్టే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు కదా.

పెద్ద పిల్లల విషయం వేరు

2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వారి మరణాలకు తుపాకీ మొదటి కారణమైంది. ఆ ఏడాది 4,300 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు ఆ స్థానం మోటారు వాహన ప్రమాదాలది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం హత్యలు, సుమారు 30 శాతం ఆత్మహత్యలు. పొరపాటున పేలి చనిపోయినవారి శాతం చాలా తక్కువ.

ఈ లెక్క మన ప్రశ్నకు ఎంతో ముఖ్యమైనది. జాగ్రత్తగా పేల్చడం నేర్పితే పొరపాటున జరిగే ప్రమాదాలు కొంత తగ్గవచ్చు. కాని మనసు విరిగిన పదహారేళ్ల పిల్లవాడిని, కోపంతో ఉన్న పిల్లవాడిని ఆ నేర్పు ఆపలేదు. ఆత్మహత్యా ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవారిలో అత్యధికులు మళ్లీ ఆ దారిన ప్రాణం తీసుకోరు. తుపాకీతో చేస్తే ఆ రెండో అవకాశం దాదాపు ఉండదు. పదిమందిలో తొమ్మిదిమంది చనిపోతారు. కష్ట ఘడియ చాలాసార్లు కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో తుపాకీ అందకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది.

2021 నవంబరు 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఒక 15 ఏళ్ల బాలుడు తన పాఠశాలలో నలుగురు విద్యార్థులను కాల్చి చంపాడు. ఆ పిస్తోలును తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. మరుసటి రోజు తల్లి అతన్ని కాల్పుల శిక్షణా స్థలానికి తీసుకువెళ్లింది. పేల్చడం అతనికి వచ్చు. అతని మనసులోని అలజడిని ఇంట్లో పట్టించుకోలేదు, తుపాకీని అందకుండా ఉంచలేదు. 2024లో తల్లిదండ్రులిద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఒంటరిగా ఉండిపోతూ, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తూ, చావు మాటలు మాట్లాడుతూ ఉంటే "వయసు ప్రభావం" అని వదిలేయకండి. పక్కన కూర్చుని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. వైద్యుడికి చూపించండి. మన దేశంలో టెలీ మానస్ నంబరు 14416, అమెరికాలో 988. రెండు చోట్లా ఏ వేళనైనా మాట్లాడతారు.

క్రీడగా నేర్చుకోవచ్చా?

తప్పకుండా నేర్చుకోవచ్చు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే, 2018లో, సీనియర్ జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఎన్.సి.సి.లో మన పిల్లలు .22 రైఫిల్ పేల్చడం నేర్చుకుంటూనే ఉన్నారు. వీటన్నిటిలో పక్కన శిక్షకుడు ఉంటాడు, తుపాకీ లెక్కలో ఉంటుంది, పని అయ్యాక తాళం లోపలికి పోతుంది.

శిక్షణ పేరుతో ఏ తుపాకీ పడితే ఆ తుపాకీ ఇవ్వకూడదు. 2014 ఆగస్టులో అరిజోనా రాష్ట్రంలో తొమ్మిదేళ్ల పాపకు వరుసగా పేలే ఊజీ తుపాకీ ఇచ్చారు. దాని అదురు ఆమె చేతులకు ఆగలేదు. పక్కనే ఉన్న శిక్షకుడు తూటా తగిలి చనిపోయాడు. 2008లో మసాచుసెట్స్ రాష్ట్రంలో అలాంటి తుపాకీతోనే ఎనిమిదేళ్ల బాబు ప్రాణం పోయింది. రెండు చోట్లా పెద్దలు పక్కనే ఉన్నారు.

పిల్లలను చేర్చేముందు ఇవి చూడండి:
- అనుభవం గల శిక్షకుడు, వయసుకు, బలానికి తగిన తుపాకీ ఉన్నాయా?
- కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరిగా పెడుతున్నారా? తుపాకీ శబ్దం ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు.
- కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కొని, ఆ తరువాతే తినాలి. తూటాల్లోని సీసం చేతికి అంటుతుంది. పిల్లల మెదడుకు అది చేటు.
- మీ పిల్లవాడి మనసు ఈ రోజుల్లో నిలకడగా ఉందా?

ఇంట్లో తుపాకీ ఉంటే నాలుగు పనులు

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో మళ్లీ చెప్పిన మాట ఇది: పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికంటే క్షేమం. ఉంటే ఈ నాలుగూ పాటించాలి. ఒక్కొక్కటీ పిల్లల ప్రాణాపాయాన్ని తగ్గిస్తుందని 2005లో జరిగిన పరిశోధనలో తేలింది.

1. తుపాకీలో తూటాలు ఉంచకూడదు.
2. తుపాకీని తాళం వేసి ఉంచాలి.
3. తూటాలను వేరే చోట పెట్టాలి.
4. తూటాలకు కూడా తాళం వేయాలి.

తాళంచెవి దిండు కింద, దేవుని వాక్యం పుస్తకం వెనుక పెట్టడం తాళం వేయడం కాదు. 2015 నాటి సర్వే ప్రకారం తూటాలు నింపి, తాళం వేయని తుపాకీ ఉన్న ఇళ్లలో సుమారు 46 లక్షల మంది అమెరికా పిల్లలు నివసిస్తున్నారు.

అడగడానికి మొహమాటం వద్దు

మనవడిని పక్కింటికి పంపేముందు "మా వాడికి వేరుశనగలు పడవు" అని చెబుతాం కదా. అలాగే ఇదీ అడగాలి. ఇంగ్లీషు రాని అమ్మమ్మ అల్లుడితో ఇలా అనవచ్చు: "బాబూ, పిల్లాడు వాళ్లింట్లో ఆడుకుంటానంటున్నాడు. వాళ్లింట్లో తుపాకీ ఉందేమో, ఉంటే తాళం వేశారేమో ఒక్క మాట కనుక్కో నాయనా." అల్లుడు "అలా అడిగితే ఏమనుకుంటారో అత్తయ్యా" అంటే, "మా ఇంటికి వచ్చి ఆడుకోమని పిలువు, సరిపోతుంది" అనవచ్చు. అమెరికాలో ఈ ప్రశ్న అడగండి అంటూ 2000 సంవత్సరం నుంచి ప్రత్యేక ప్రచారమే నడుస్తోంది. తల్లిదండ్రులు అడగడం అక్కడ తప్పుగా భావించరు.

మన ఊళ్లో సంగతి

మన దేశంలో ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకీ ఉంచుకోకూడదు. శిక్షణకు మాత్రం నిబంధనలతో మినహాయింపు ఉంది. అయినా రెండు ప్రమాదాలు మన మధ్య ఉన్నాయి. అడవి పందుల కోసం అక్కడక్కడ దాచిపెట్టే నాటు తుపాకీ మొదటిది. అది చట్టవిరుద్ధం, పేల్చినవాడి చేతిలోనే పగిలిపోగలదు. రెండోది బుడగలు పేల్చే ఎయిర్‌గన్. దాన్ని బొమ్మ అనుకోవద్దు. దాని గుండు కంటిలో తగిలితే చూపు పోతుంది.

కంటికి గుండు తగిలితే రుద్దకండి, కడగకండి, బయటికి లాగకండి. శుభ్రమైన కాగితం కప్పును కన్ను నొక్కుకోకుండా పైన మూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. శరీరంలో తూటా గాయమైతే 108కి ఫోన్ చేయించి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి

1. "ఆగు, ముట్టుకోకు, వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు." ఈ నాలుగూ మీ పిల్లలచేత ఒక బొమ్మ తుపాకీతో చేయించి చూశారా?
2. తుపాకీ కనబడిందని పిల్లవాడు వచ్చి చెబితే మెచ్చుకుంటారా, "అక్కడికెందుకు వెళ్లావు" అని తిడతారా? తిడితే రెండోసారి చెబుతాడా?
3. అమెరికాలో ఉన్న మీ వాళ్లతో ఈ విషయం ఎప్పుడైనా మాట్లాడారా?

నేర్పవలసిన వయసులో, నేర్పవలసిన చోట నేర్పండి. తాళం వేసే బాధ్యత మాత్రం పిల్లలది కాదు, పెద్దలది. ఈ ఆదివారం మీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు తిన్నారా, చలిగా ఉందా అని అడిగాక ఈ ఒక్క మాట కూడా అడగండి.