ఇద్దరు కెప్టెన్లు, ఒక ఇంటర్వ్యూ ప్రశ్న

‘మీకు నచ్చిన నాయకుడెవరు, ఎందుకు?’ ఎంబీఏ ప్రవేశాల్లోనూ ఉద్యోగ ఇంటర్వ్యూల్లోనూ తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ధైర్యం, దూరదృష్టి, పట్టుదల అంటూ చాలామంది గుణాలు ఏకరువు పెడతారు. ఆ మాటలు ఏ నాయకుడికైనా అతుకుతాయి. ఒక నిర్ణయాన్ని పట్టుకుని, అలాంటి స్థితిలోనే మరొకరు ఏం చేశారో పోల్చి చెప్పండి. మీరెలా ఆలోచిస్తారో బోర్డుకు అప్పుడు తెలుస్తుంది.

ఈ సాధనకు నేను సూచించే జంట అహాబ్, షాకల్టన్. హెర్మన్ మెల్విల్ 1851లో రాసిన ‘మోబీ డిక్’ నవలలో తిమింగలాల వేట ఓడకు కెప్టెన్ అహాబ్. యజమానులు పంపింది నూనె కోసం. ఆయన ధ్యాసంతా తన కాలు తీసేసిన తెల్ల తిమింగలం మీదే. దాన్ని ముందుగా చూసినవాడిదేనంటూ బంగారు నాణేన్ని స్తంభానికి మేకు కొట్టి పెట్టాడు. సిబ్బంది ఊగిపోయారు. చివరికి ఓడ మునిగింది, కథ చెప్పే ఇష్మాయిల్ ఒక్కడే మిగిలాడు.

ఎర్నెస్ట్ షాకల్టన్ 1914లో అంటార్కిటికాను ఆ దరి నుంచి ఈ దరికి దాటాలని ‘ఎండ్యూరెన్స్’ ఓడలో బయల్దేరాడు. ఓడ మంచులో చిక్కి, 1915 నవంబరులో మునిగిపోయింది. దాటడం ఇక కుదరదని తేలగానే లక్ష్యం మార్చాడు: ఓడలోని 28 మందీ ప్రాణాలతో ఇల్లు చేరాలి. బరువు తగ్గించుకోమని చెబుతూ, ముందు తన బంగారు నాణేలనే మంచులో పారేశాడు. ఒకరి బాంజోను మాత్రం ఉంచమన్నాడు. పాట లేకపోతే మనుషులు కుంగిపోతారని ఆయనకు తెలుసు. మిగిలినవారిని ఒక దీవిలో ఉంచి, చిన్న పడవలో అయిదుగురితో సుమారు 1,300 కిలోమీటర్ల సముద్రం దాటి సాయం తెచ్చాడు. నాలుగో ప్రయత్నంలో, 1916 ఆగస్టు 30న, ఆ దీవిలోని 22 మందినీ కాపాడాడు.

అయితే చరిత్ర కథంత తేటగా ఉండదు. అదే యాత్రలో ఖండానికి అవతలి వైపు పనిచేసిన బృందంలో ముగ్గురు చనిపోయారు. షాకల్టన్ పేరు చెప్పే అభ్యర్థి ఈ సంగతీ చెప్పాలి. దాచిపెడితే జవాబు పొగడ్తగానే మిగులుతుంది.

ఫ్రెషర్లకు ఇంకా ముఖ్యమైనది కింది ఉద్యోగుల కథ. మీరు చేరేది కెప్టెన్‌గా కాదు కదా! అహాబ్ దారి తప్పాడని సహాయకుడు స్టార్‌బక్‌కు ముందే తెలుసు. అభ్యంతరం చెప్పాడు, కానీ దానిమీద నిలబడలేక లొంగిపోయాడు. షాకల్టన్ బృందంలో వడ్రంగి మెక్‌నిష్ మంచు మీద ముందుకు నడవనని ఎదురుతిరిగాడు. షాకల్టన్ గట్టిగా అణచాడు. అయినా ఆ ప్రమాదకర పడవ ప్రయాణానికి అతణ్నే వెంట తీసుకెళ్లాడు, ఎందుకంటే ఆ పడవను సముద్రానికి తగ్గట్టు సిద్ధం చేసింది అతనే. పైఅధికారితో విభేదించిన సందర్భం చెప్పమని అడిగినప్పుడు ఈ ఇద్దరూ గుర్తుండాలి.

ఇంటర్వ్యూకు ముందు మీకు నచ్చిన నాయకుడి ఒక్క నిర్ణయం ఎంచుకోండి. అప్పటికి ఆయనకు ఏం తెలుసు, ఎవరు కాదన్నారు, నష్టం ఎవరు భరించారు? ఈ మూడింటికీ జవాబులు రెండు నిమిషాల్లో చెప్పేలా సాధన చేయండి.