ఆహారంలో బ్యాక్టీరియాను గుర్తించే సత్వర పరీక్షా కిట్ల మూల్యాంకనం

శ్రీ సత్యసాయి జిల్లా తలుపుల వంటి మెట్ట మండలాల్లో వానలు లేక వేరుశనగ దెబ్బతిన్న ఏడాది రైతుకు పాడి ఆసరాగా నిలుస్తుంది. పాలు త్వరగా చెడిపోతాయి. సాల్మొనెల్లా నిర్ధారణకు ప్రయోగశాల వర్ధన పద్ధతిలో మాత్రం సుమారు 5 రోజులు పడుతుంది. అందువల్ల సత్వర పరీక్షా కిట్ల అవసరం ఏర్పడింది.

పనిచేసే విధానం: పట్టీ కిట్‌లోని ప్రతిరక్షకాలు బ్యాక్టీరియాను పట్టుకొని 15 నిమిషాల్లో రంగు గీతను చూపుతాయి. గీత కనబడాలంటే సాధారణంగా మిల్లీలీటరుకు వేల నుండి లక్షల సంఖ్యలో కణాలు ఉండాలి. పాశ్చరీకరించిన పాలలో అయితే 25 గ్రాముల నమూనాలో సాల్మొనెల్లా అసలు ఉండరాదు. కనుక నమూనాను ముందుగా పోషక ద్రవంలో పొదిగి బ్యాక్టీరియాను వృద్ధి చేయాలి. దీనివల్ల ఫలితం మరుసటి రోజుకు గాని తేలదు.

మూల్యాంకనం: ఒకే నమూనాలను కిట్‌తోను, వర్ధన పద్ధతిలోను పరీక్షించి పోల్చాలి. ఉదాహరణకు 1000 నమూనాల్లో 20 కలుషితమైనవి అనుకొంటే, 90 శాతం సున్నితత్వం, 95 శాతం నిర్దిష్టత గల కిట్ 18 నమూనాలను గుర్తించి 2 నమూనాలను వదిలివేస్తుంది. శుభ్రమైన 980 నమూనాల్లో 49 నమూనాలను కలుషితమని చూపుతుంది. అనగా గీత కనబడిన 67 నమూనాల్లో నిజంగా కలుషితమైనవి 18 మాత్రమే.

వదిలివేసిన నమూనా వినియోగదారుని ఆరోగ్యానికి ముప్పు; తప్పుగా పట్టిన నమూనా రైతుకు నష్టం. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు గీతను ప్రభావితం చేయగలవు కాబట్టి కిట్‌ను శుద్ధ ద్రావణంతో కాక పాలతోనే పరీక్షించాలి. గీత కనబడిన నమూనాను వర్ధన పద్ధతిలో నిర్ధారించిన తరువాతే తిరస్కరించాలి. అంతవరకు ఆ పాలను విడిగా శీతలీకరించి ఉంచాలి. గీత లేకపోవడాన్ని భద్రతకు హామీగా భావించరాదు.