మా పికప్‌కి పికప్ లేదు: హెడర్ కొనబోయి నేర్చుకున్న పాఠం

సంక్రాంతి సెలవులకి నరసరావుపేట వెళ్ళినప్పుడు నాన్న ఒక మాట అన్నాడు: "బండికి పికప్ ఉండట్లేదురా." మా బండి పేరే పికప్. పాత బొలెరో పికప్, 2011 మోడల్. పికప్‌కి పికప్ లేకపోవడం ఏంటని నేను నవ్వాను. నాన్న నవ్వలేదు.

ఎందుకంటే మిర్చి సీజన్ మొదలవుతోంది. మాచర్ల, రెంటచింతల వైపు నుంచి టిక్కీలు ఎత్తుకుని రాత్రంతా తోలి, తెల్లారేసరికి గుంటూరు యార్డులో దించాలి. ఆ మూడు నాలుగు నెలల కిరాయిలే మాకు ఏడాది ఖర్చు. అందులో నా కాలేజీ ఫీజు కూడా ఉంది.

నేను సీఎస్ఈ కదా, వెంటనే ఫోన్ తీశాను. రెండు రాత్రులు వీడియోలు చూసి తేల్చేశాను: "నాన్నా, ఫ్యాక్టరీ మ్యానిఫోల్డ్ తీసేసి హెడర్ వేయిద్దాం. ఇంజన్ ఫ్రీగా ఊపిరి తీసుకుంటుంది." స్టీల్ పైపులతో చేసిస్తామన్న ఒకాయన 22,000 అడిగాడు. అప్పటిదాకా నాకు తెలిసిన హెడర్ ఒక్కటే, సీ ప్రోగ్రామ్ మొదటి లైన్లో రాసే హెడర్ ఫైల్! అయినా నాన్న నా మాట నమ్మాడు. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు చెప్పాడు కదా మరి.

అసలు హెడర్ అంటే ఏంటి?

ఇంజన్‌లో ప్రతి సిలిండర్ నుంచీ కాలిన పొగ బయటికి రావాలి. మా బండిది 2523 సీసీ డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు. నాలుగు రంధ్రాల నుంచి వచ్చే పొగని ఒక్క దారిలోకి కలిపే పోత ఇనుప ముక్కే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. మనవాళ్ళు పొగగొట్టం మొత్తాన్నీ కలిపి సైలెన్సర్ అనేస్తారు గానీ, సైలెన్సర్ చివర్లో వస్తుంది. మ్యానిఫోల్డ్ మొదట్లో, ఇంజన్‌కి ఆనుకుని ఉంటుంది.

హెడర్ చేసే పనీ అదే. కాకపోతే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పొడవాటి స్టీల్ పైపు ఉండి, అన్నీ ముందుకెళ్ళాక కలుస్తాయి. పొగ ధారలా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. ఒక దెబ్బ పైపు చివరకి చేరినప్పుడు తక్కువ పీడనం ఉన్న అల ఒకటి వెనక్కి తిరిగొస్తుంది. అది సరిగ్గా వాల్వ్ మూసుకునే ముందు వచ్చిందంటే, లోపల మిగిలిన పొగని కూడా లాగేస్తుంది. హెడర్ గొప్పతనమంతా ఆ టైమింగులోనే ఉంది.

మెకానిక్ బాబాయ్ అడిగిన ప్రశ్న

పైపులకి అడ్వాన్స్ ఇచ్చే ముందు, ఎప్పుడూ మా బండి చూసే మెకానిక్ బాబాయ్‌కి వీడియో చూపించాను. ఆయన పూర్తిగా చూసి అడిగాడు: "ఆ బండి ఏ ఇంజనురా?"

"అమెరికా పికప్ బాబాయ్. పెట్రోల్, వీ8."

"మనదేంది?"

"డీజిల్. టర్బో."

"మరి దాని మందు దీనికెట్టా పోస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి లెక్క వేశాను.

ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక చుట్టుకి 30 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పటి నుంచి మూసుకోబోయే దాకా సుమారు 230 డిగ్రీలు అనుకుంటే, 19 మిల్లీసెకన్లు. వేడి పొగలో అల వేగం సెకనుకి దాదాపు 550 మీటర్లు. అంటే అల ఆ టైములో పదిన్నర మీటర్లు వెళ్తుంది. వెళ్ళి రావాలి కాబట్టి అందులో సగం, ఐదు మీటర్ల పైపు కావాలి. అంటే దాదాపు మా బండి పొడవంత పైపు, అదీ నాలుగు! అదే 6,000 చుట్ల దగ్గరైతే దాదాపు 1.75 మీటర్లు చాలు. (ఇది మొదటి అల లెక్క మాత్రమే. హెడర్ చేసేవాళ్ళు తర్వాతి అలలని వాడుకుని పైపులు ఇంకా పొట్టిగా కూడా చేస్తారు.) ఇలా అలల మీద ఆధారపడే హెడర్ వేగంగా తిరిగే పెట్రోల్ ఇంజన్లకి బాగా పనికొస్తుంది. లోడుతో నెమ్మదిగా తిరిగే మా డీజిల్‌కి దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు.

ఇంకోటి, మాది టర్బో ఇంజన్. పొగలోని వేడి, పీడనంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజన్‌లోకి గాలిని తోస్తుంది. పొగ ఎంత వేడిగా టర్బోకి చేరితే అంత మంచిది. పొడవాటి సన్నపు పైపులు పెడితే దారిలోనే వేడి పోతుంది. వికారంగా, పొట్టిగా, బరువుగా కనిపించే ఆ పోత ఇనుము ముక్క అక్కడుండటానికి కారణం ఉంది.

అసలు రోగం ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బాబాయ్ బండి స్టార్ట్ చేయమన్నాడు. టిక్ టిక్ టిక్ మని శబ్దం. ఐదు నిమిషాల్లో ఇంజన్ వేడెక్కగానే తగ్గిపోయింది. "ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటోంది," అన్నాడు. టార్చి వేసి చూస్తే మ్యానిఫోల్డ్ ఇంజన్‌కి కలిసే చోట, నాలుగో సిలిండర్ పక్కన నల్లటి మసి. ఇంజన్ ఆపి, చల్లారాక సైలెన్సర్ వైపు నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, అతుకు మీద సబ్బునీళ్ళు చల్లాడు. బుడగలొచ్చాయి.

గ్యాస్కెట్ కాలిపోయింది, ఒక స్టడ్ విరిగింది. టర్బోకి చేరాల్సిన పొగ మధ్యలోనే కారిపోతోంది. అందుకే గాలి చాలట్లేదు, నల్లపొగ వస్తోంది, పికప్ లేదు. ఆ కారే పొగలో కొంత క్యాబిన్‌లోకి వస్తోంది. నాన్న కొన్నాళ్ళుగా తలనొప్పి అంటుంటే నిద్ర చాలక అనుకున్నాం. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే ప్రకటించింది. ఆ సంగతి చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనేమో అసలు కారణం వదిలేసి పైపుల బేరం చేస్తున్నాను!

మ్యానిఫోల్డ్ విప్పి, వంగిన ముఖాన్ని లేత్ షాపులో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్, స్టడ్లు వేశారు. నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించాలట, లేకపోతే మళ్ళీ వంగుతుంది. మొత్తం 2,100 అయింది.

అయినా హెడర్ వేస్తానంటే

మీ ఇంట్లో పాత బండి ఉండి, హెడర్ ఆలోచన ఉంటే ముందు ఇవి చూసుకోండి.

1. టర్బో ఉందా? ఉంటే పొడవాటి పైపుల జోలికి పోవద్దు. పగిలింది మ్యానిఫోల్డే అయితే అదే మోడల్‌ది వేయించండి.

2. ఏ లోహం? 40 సెంటీమీటర్ల ముక్క 500 డిగ్రీలు వేడెక్కితే పోత ఇనుము 2.2 మిల్లీమీటర్లు సాగుతుంది, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ 3.4 దాకా సాగుతుంది. ఇంజన్ హెడ్ మాత్రం నీళ్ళతో చల్లబడుతూ అంత సాగదు. పల్చటి ఫ్లాంజి పెడితే వంగి మళ్ళీ లీకవుతుంది.

3. రంధ్రాలు సరిపోతున్నాయా? పైపు మూతి ఇంజన్ రంధ్రం కంటే చిన్నదైతే పొగకి మెట్టు అడ్డం వస్తుంది.

4. పక్కన ఏమున్నాయి? బ్రేక్ పైపు, వైర్లు, స్టార్టర్ మోటారుకి వేడి తగులుతుందేమో చూడాలి.

5. చట్టం ఒప్పుకుంటుందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే చెప్పింది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

శివరాత్రికి ముందు అన్నదానానికి బియ్యం బస్తాలు వేసుకుని కోటప్పకొండ ఘాట్ ఎక్కాం. బండి రెండో గేరులో తడబడకుండా లాగింది. దిగేటప్పుడు బండి ఎలా ఉందని నాన్నని అడిగాను. బండి సంగతి చెప్పలేదు. "తలనొప్పి తగ్గిందిరా," అన్నాడు.

ఫ్రెండ్స్, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పొద్దున్నే మీ నాన్న బండి స్టార్ట్ చేసేటప్పుడు పక్కన నిలబడి ఐదు నిమిషాలు వినండి. టిక్ టిక్ మని వినిపిస్తే హెడర్ కోసం వెతక్కండి, టార్చి తీసుకుని మసి ఎక్కడుందో వెతకండి.