పండుగ సెలవుల్లో సినిమా, కన్నీళ్లు

సినిమా కార్మికులు ఎందరో ఉండే కృష్ణానగర్ మన యూసుఫ్‌గూడ పక్కనే. క్రిస్మస్ సెలవుల్లో మా వార్డుల్లోనూ సినిమా కబుర్లే. మాకు ఇష్టమైనది 1978లో వచ్చిన ‘కరుణామయుడు’. యేసుప్రభువుగా విజయచందర్ నటించిన ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా సిలువ ఘట్టంలో కళ్లు తడుస్తాయి.

ఆ కన్నీళ్లు జబ్బు కాదు. ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్నవారు సినిమా చూస్తూ ఏడిస్తే టీవీ కట్టేయకండి. పక్కన కూర్చోండి. పోయినవారితో కలిసి ఏ సినిమాలు చూశారో అడగండి, చెప్పనివ్వండి.

అయితే రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416కు రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.