కారులో పాలు ఒలికాక మొదలైన దగ్గు

ప్రశ్న: డాక్టరు గారూ, మూడు వారాల కిందట ఊరి నుంచి వస్తుంటే కారులో క్యాను మూత ఊడి లీటరు గేదె పాలు వెనక సీటు ముందు ఒలికిపోయాయి. వెంటనే గుడ్డతో తుడిచాం. అయినా పులిసిన కంపు పోవడం లేదు. పెర్‌ఫ్యూమ్ పెట్టాం, సీటు కింద కలరా ఉండలు వేశాం. మా ఆరేళ్ల బాబుకి ఉబ్బసం ఉంది. కారెక్కితే చాలు, దగ్గు, పిల్లికూతలు మొదలవుతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ కలరా ఉండలు, పెర్‌ఫ్యూమ్ ఈరోజే తీసేయండి. ఘాటైన వాసన ఏదైనా ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాలను రేపుతుంది. కలరా ఉండల్లో నాఫ్తలీన్ ఉంటే ఇంకో ముప్పు కూడా ఉంది. జి6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను చిట్లగొడుతుంది. ఆ లోపం ఉందని చాలామందికి తెలియనే తెలియదు. పైగా తెల్లగా బిళ్లల్లా ఉండేవి పిల్లల చేతికి అందేచోట ఉంచకూడదు.

మీరు తుడిచింది పైపైనే. కార్పెట్టు అంచు ఎత్తి, కింద ఉన్న మందపాటి మెత్తను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలికి జిడ్డుగా చెమ్మ తగిలితే పాలు అక్కడే ఉన్నట్టు. పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. కొవ్వు విరిగి బ్యుటిరిక్ ఆమ్లం పుడుతుంది, వాంతిని తలపించే ఆ కంపు దానిదే. గేదె పాలలో కొవ్వు ఆవు పాలకంటే బాగా ఎక్కువ కాబట్టి వాసనా మొండిదే. తడి ఒకటి రెండు రోజులు నిలిస్తే చాలు, బూజు పట్టొచ్చు. మీ బాబు దగ్గుకు బూజే కారణమని చూడకుండా చెప్పలేను, కానీ నా మొదటి అనుమానం దానిమీదే.

వేడినీళ్లు మాత్రం పోయకండి. పాలలోని మాంసకృత్తులు గట్టిపడి పోగులకు అతుక్కుపోతాయి. చల్లటి నీళ్లతో తడిపి, నీళ్లు లాగే వ్యాక్యూమ్‌తో పీల్చేయాలి. తర్వాత ఎంజైమ్‌ ఉన్న క్లీనరు, పాలు ఇంకినంత లోతుకూ దిగేలా పోసి, డబ్బామీద రాసినంతసేపు ఆరిపోకుండా ఉంచాలి. తొందరపడి తుడిచేస్తే ఎంజైములకు పనిచేసే వ్యవధే ఉండదు. అది అయ్యాక మళ్లీ పీల్చి, తలుపులు నాలుగూ తెరిచి, కార్పెట్టు ఎత్తిపట్టి, ఎండలో ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే వంటసోడా చల్లి, మర్నాడు వ్యాక్యూమ్ చేయండి. మెత్తకు నల్లటి, పచ్చటి మచ్చలు కనిపిస్తే కడగడంతో సరిపెట్టకండి, ఆ ముక్క మార్పించండి. ఈ పని చేసేవాళ్లు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, బాబు దగ్గర్లో ఉండకూడదు. బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ, ఇంకే క్లీనరు గానీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

పాలు పడని ముందు సీటు కింద కూడా తడి కనిపిస్తే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిందేమో మెకానిక్కుకు చూపించండి.

ఇన్‌హేలర్లు మానకండి. కారులో వదిలేయకండి, ఎండకు కారు లోపల వేడెక్కి మందు పాడవుతుంది. ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి.

కారు ఆరేదాకా ఓ వారం బాబును వేరే బండిలో బడికి పంపండి. రోజూ దగ్గు వచ్చిన వేళ, ఎక్కడున్నాడో ఒక కాగితంమీద రాసి మీ పిల్లల డాక్టరుకు చూపించండి.