కాలాఘోడా గ్యాలరీల నడక: కొన్ని అనుభవ పాఠాలు

ముంబైలో కాలాఘోడా, ఫోర్ట్, కొలాబా ప్రాంతాల్లో ఉన్న చిత్రకళా గ్యాలరీలకు జనాన్ని వెంటబెట్టుకుని నడిపించడం, ఉద్యోగ విరమణ తర్వాత నేను ఇష్టపడి పెట్టుకున్న పని. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా యువతీయువకులు వస్తున్నారు. వాళ్లకూ, వాళ్ల వెంట నడవాలనుకునేవాళ్లకూ నేను చెప్పగలిగినవి ఇవి.

1. ముందు భయం పోగొట్టాలి. ఇక్కడి ప్రైవేటు గ్యాలరీలు చాలావరకు పాత భవనాల పై అంతస్తుల్లో ఉంటాయి. చిన్న బోర్డు, మూసిన తలుపు, లోపల తెల్లగోడలు, నిశ్శబ్దం. టికెట్ అడుగుతారేమో, ఏదైనా కొనమంటారేమో, ఏమీ తెలియదని తేలిపోతుందేమో అని మంచి చదువరులు కూడా మెట్ల దగ్గరే వెనకాడతారు. ప్రవేశం ఉచితమనీ, కొననక్కర్లేదనీ, ఎంతసేపైనా నిలబడవచ్చనీ రోడ్డు మీదే చెప్పేయండి. నడక జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ నుంచి మొదలుపెట్టడం నాకు ఇష్టం. సర్ కవాస్జీ జహంగీర్ చనిపోయిన తన కొడుకు పేరిట ఇచ్చిన విరాళంతో 1952లో వెలసిన గ్యాలరీ అది. ఫుట్‌పాత్ మీద పోయేవాడు నాలుగడుగులు వేస్తే లోపల ఉంటాడు. ఆ నాలుగడుగులు వేసినవాళ్లు తర్వాత మూడో అంతస్తుకైనా ఎక్కుతారు.

2. ఒక పూటకు మూడు గ్యాలరీలు, మహా అయితే నాలుగు. అంతకు మించితే చూసిందేదీ మనసులో నిలవదు.

3. చూసే ముందు చెప్పకండి. ఇది నేను అన్నిటికన్నా గట్టిగా నమ్మే మాట. లోపలికి వెళ్లగానే గుంపును విడిచిపెట్టండి. ఎవరికి వాళ్లు ఒక చుట్టు తిరిగి రానివ్వండి. గోడ మీద అంటించిన వివరణ కూడా అప్పుడే చదవొద్దని చెప్పండి. తర్వాత ఒకే ప్రశ్న అడగండి: ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు? చిత్రకారుడు అతుల్ దోడియా దుకాణాల ఇనుప షట్టర్ల మీద బొమ్మలు వేశారు. షట్టర్ ఎత్తితే వెనక ఇంకో బొమ్మ ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే చూసేవాడికి ఇక మిగిలేదేముంది?

వర్లీ, పరేల్ మిల్లుల్లో పనిచేయడానికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ముంబైలో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి పెద్దావిడ ఒకరు ఒకసారి మాతో నడిచారు. అందరూ దాటేసిన ఒక నేత కళాఖండం ముందు ఆవిడ చాలాసేపు ఆగారు. ఎక్కడ పడుగు తెంచారో, ఎక్కడ కావాలనే ముడి కనిపించనిచ్చారో వేలు తాకించకుండా చూపిస్తూ చెప్పారు. గ్యాలరీలో పనిచేసే అమ్మాయి కూడా లేచి వచ్చి వింది. నేను ముందే ఉపన్యాసం మొదలుపెట్టి ఉంటే ఆవిడ నోరు విప్పేవారు కాదు.

4. చరిత్రంతా రోడ్డు మీద చెప్పండి, బొమ్మ ముందు కాదు. ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి నడిచే దారి అందుకే ఉంది. ఈ పేటకు పేరు తెచ్చిన నల్లగుర్రం ఏడో ఎడ్వర్డ్ విగ్రహంలోది. 1965లో దాన్ని బైకులా జూకి తరలించారు. 2017లో రౌతు లేని కొత్త గుర్రాన్ని ఇక్కడ నిలబెట్టారు. 1947లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పుట్టింది ఈ నగరంలోనే. అందులోని చిత్రకారుల్లో హుస్సేన్ సినిమా హోర్డింగులు వేసి బతికినవాడు, ఆరా ఇళ్లలో పనిచేసి బతికినవాడు. కళ డబ్బున్నవాళ్ల వ్యవహారమని అనుకునేవాళ్లకు ఈ రెండు జీవితాలు తప్పకుండా చెప్పాలి. తెలుగువాళ్లు వెంట ఉంటే, కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి జేజే చిత్రకళా పాఠశాలలో చదివిన చిత్రకారుడు పి.టి. రెడ్డి గురించి కూడా చెబుతాను. గ్యాలరీల కథా చెప్పాలి: కెకూ గాంధీ ఫ్రేములు కట్టే వ్యాపారంతో మొదలుపెట్టి, 1963లో జహంగీర్ మొదటి అంతస్తులో గ్యాలరీ కెమౌల్డ్ తెరిచారు. 2007 నుంచి అది ప్రెస్కాట్ రోడ్డులో నడుస్తోంది.

5. ధర అడగడం తప్పు కాదు. బల్ల దగ్గర అడిగితే ధరల పట్టిక ఇస్తారు. బొమ్మ పక్కన ఎర్రచుక్క ఉంటే అమ్ముడుపోయిందని అర్థం. ప్రింటు కింద పెన్సిల్‌తో 3/10 అని ఉంటే, తీసిన పది ప్రతుల్లో అది మూడోది. ఇది నకలు కదా అంటారు కొందరు. అప్పుడు మన చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో పనిచేసిన కృష్ణారెడ్డి గురించి చెప్పాలి. రంగుల చిక్కదనంలోని తేడాను వాడుకుని ఒకే లోహపు పలక నుంచి అనేక రంగులు అచ్చువేసే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ప్రతి ప్రతికీ పలకకు మళ్లీ రంగులు పూయాల్సిందే. ఆ శ్రమ తెలిశాక ఎవరూ నకలు అనరు.

6. మెట్లు ఎక్కలేనివాళ్లు ఉంటే ముందే కనుక్కోండి, లిఫ్టు లేని భవనాలున్నాయి. నీళ్లు, మరుగుదొడ్డి, కాసేపు కూర్చునే చోటు ఎక్కడున్నాయో చూసిపెట్టుకోండి. జాతీయ ఆధునిక కళా సంగ్రహాలయానికి సోమవారం సెలవు. ప్రైవేటు గ్యాలరీలు చాలావరకు ఆదివారం తెరిచి ఉండవు.

7. నచ్చలేదనే హక్కు అందరికీ ఉంది. నాకూ చాలా నచ్చవు, ఆ మాట దాచను. అయితే నచ్చలేదన్నవాళ్లను అందులో ఏం చూశారో కూడా చెప్పమంటాను. చెప్పడం కోసం మళ్లీ చూస్తారు. అలా చూసి మనసు మార్చుకున్నవాళ్లున్నారు, మార్చుకోనివాళ్లూ ఉన్నారు. రెండూ నాకు సమ్మతమే.

8. జహంగీర్ బయట ఫుట్‌పాత్ మీద బొమ్మలు పెట్టుకుని కూర్చునే చిత్రకారులను దాటేసి వెళ్లకండి. ప్రైవేటు గ్యాలరీల్లో చిత్రకారుడు దొరకడం అరుదు. ఇక్కడ ఎదురుగా ఉంటాడు, అడిగితే విసుక్కోకుండా చెబుతాడు. నా నడకలన్నీ అక్కడే ముగిస్తాను.

గేట్‌వే, మెరైన్ డ్రైవ్ చూసి రైలెక్కే మనవాళ్లకు ఒక విన్నపం. జహంగీర్ గ్యాలరీ ఉదయం 11 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచి ఉంటుంది. చర్చ్‌గేట్ స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక, టికెట్ లేదు. వెంట నడిపించే మనిషి దొరక్కపోయినా సరే, పిల్లల్ని తీసుకుని వెళ్లండి.